పిడికెడు బియ్యమా? ప్రభుత్వ భత్యమా?

2025వ సంవత్సరము ఏప్రిల్ మాసమున, క్రైస్తవ సోదరులు శుభశుక్రవారము నాచరించు దినములలో, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిది వేల పైచిలుకు పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల చొప్పున ఏడు మాసముల గౌరవ భత్యమును ఒక్కమారుగ విడుదల చేసినది. 2019లో అధికారమునకు వచ్చిన ప్రభుత్వము ఆరంభించిన పద్ధతిని 2024లో వచ్చిన ప్రభుత్వము కొనసాగించినది. ఒకరు పెట్టిరి, మఱియొకరు తీయలేకపోయిరి. నీటి విషయమున గాని, రాజధాని విషయమున గాని ఒక్క మాటపై నిలువని రాజకీయ పక్షములు ఈ యొక్క విషయమున ఏకగ్రీవముగ నుండుట చూచినప్పుడే మాకు అనుమానము పొడమినది.

ఈ భత్యమును గూర్చి దేశమున రెండు కేకలు వినబడుచున్నవి. హిందువులు కట్టిన పన్నులు పాస్టర్లకేల యని ఒక కేక. అర్చకులకు ఇచ్చుటలేదా, ఇమాములకు ఇచ్చుటలేదా, మాకేల ఈయరాదని రెండవ కేక. ఈ రెండు కేకల నడుమ అడుగవలసిన ప్రశ్న అణగిపోయినది. పాస్టరనువాడు ఎందులకున్నాడు? అర్ధరాత్రమున తలుపు తట్టిన వాని వెంట రోగి యింటికి నడచిపోవుటకు, చచ్చినవారిని సాగనంపుటకు, బ్రదికియున్నవారి కలహములు తీర్చుటకు, కూలినాలి చేసి యిల్లు చేరినవారిని దీపము చుట్టును కూర్చుండబెట్టి వారి పక్షమున దైవమునకు మొఱపెట్టుటకు ఉన్నాడు. ప్రభుత్వపు సొమ్ము ఈ పనికి మేలు చేయుచున్నదా, కీడు చేయుచున్నదా? దీనిని విచారించినవారు అరుదు. కీడు చేయుచున్నదని మా నిశ్చితాభిప్రాయము.

ఈ పత్రిక క్రైస్తవ పత్రిక కాదు. మేమును క్రైస్తవులము కాము. అట్టి మీకు సంఘపు లోపలి సంగతులతో నేమి పనియని ఎవరైన అడుగవచ్చును. తెలుగు పల్లెలలో నిరుపేదలైన లక్షలాది జనులకు కష్టసుఖములయందు మొదట జ్ఞప్తికి వచ్చువాడు ఈ సంఘకాపరి. తాలూకా వైద్యుడు గాని, శాసనసభ్యుడు గాని తరువాతనే. వాని స్వాతంత్ర్యము వారి స్వాతంత్ర్యము. అది పోవుచుండగా ఊరకుండుట జాతీయ పత్రికకు తగదు.

మద్యనిషేధ ప్రచారమునకై పల్లెలు తిరిగిన దినములలో ఒకమారు ఒక దళితవాడలో రాత్రి నిలువవలసి వచ్చినది. ఆ వాడలో ఇంచుమించు నూఱు కుటుంబములు, అందరును కూలీలే. రేకుల కప్పు గల చిన్న ప్రార్థన మందిరము, దాని ప్రక్క పాస్టరుగారి రెండు గదుల యిల్లు. ఆ రాత్రి ఒక ముసలమ్మ మంచము పట్టి యుండెను. పాస్టరుగారు పోవుచు మమ్మును వెంటబెట్టుకొని పోయిరి. ప్రార్థన ఏ మహోపన్యాసము వలెనో యుండునని మే మనుకొంటిమి. ఆయన మంచము ప్రక్క నేలపై చతికిలబడి, "అమ్మా, ఏమైనా తిన్నావా?" అని అడిగెను. ఆమె తల యూపలేదు. కోడలిని గంజి తెమ్మని, చెంచాతో రెండు గుక్కలు పోసెను. ఆ పిమ్మట ఆమె చేయి పట్టుకొని చేసిన ప్రార్థన రెండు నిమిషములైనను లేదు. అందు ఆమె పేరు, ఆమె చచ్చిపోయిన పెనిమిటి పేరు, పట్టణమునకు పనికి పోయి తిరిగిరాని చిన్న కొడుకు పేరు వచ్చినవి. తెల్లవారువఱకు ఆయన కదలలేదు. ఉదయమున బయలుదేఱునప్పుడు త్రాగుబోతైన పెద్దకొడుకు భుజముపై చేయివైచి వీథి చివఱవఱకు నడిపించుకొని పోయెను. ఏమి చెప్పెనో మాకు వినబడలేదు. మేము పదునైదు దినములు కరపత్రములు పంచి సాధింపలేనిది ఆ నడకలో సాధింపబడినదని తరువాత తెలిసినది.

ఆ యింటి గోడకు ఒక మట్టికుండ యుండెను. ప్రతిదినము అన్నము వండుటకు ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యము తీసి ఆ కుండలో వేయును. ఆదివారమునాడు కుండలన్నియు మందిరమునకు వచ్చును. ఆ బియ్యమే పాస్టరుగారి కుటుంబమునకు తిండి. వాడలో ప్రతి యింటను ఇట్టి కుండ యొకటి కలదని ఆయన మాతో గర్వముగ చెప్పెను.

నాలుగైదు సంవత్సరముల పిమ్మట ఆ పాస్టరుగారే ఏదో ప్రమాణపత్రముపై సంతకము కొఱకు మా కచేరీకి వచ్చిరి. మనిషి చిక్కిపోయి యుండెను. కుండలను గూర్చి అడిగితిమి. "ఇంకెక్కడి కుండలు వకీలుగారూ! అయ్యగారికి గవర్నమెంటు జీతం వస్తోంది గదా అని మానేశారు. వాళ్ళ తప్పు గాదు. నాకు అయిదు వేలు వస్తుంటే, రోజుకు కూలి దొరకని తల్లి దగ్గర బియ్యం ఎట్లా అడిగేది?" అని యాయన చెప్పెను. ప్రభుత్వపు సొమ్మైన నెలనెలా వచ్చెనా? అదియు లేదు. మాసములు గడచినవి. కుమార్తె కళాశాల రుసుము కట్టవలసి వచ్చినది. ఊరిలో ఒక భూస్వామివద్ద ఆయన అప్పు చేసెను. ఆ సంవత్సరమే నాట్ల కూలి విషయమున ఆ భూస్వామికిని వాడలోని స్త్రీలకును తగవు వచ్చెను. ఎప్పుడును ముందు నిలిచి మాటలాడెడు పాస్టరుగారు ఆ దినమున ఇల్లు వెడలి రాలేదు. తనకు జ్వరమని చెప్పి పంపెనట. "నిజానికి జ్వరం లేదండీ," అని మాతో చెప్పి ఆయన తలవంచుకొనెను.

పాఠకులారా, ఈ తలవంపును గూర్చియే మేము వ్రాయుచున్నాము. ఆయనను నిందింపము. ఆకలి గొన్న కుటుంబము గలవాడు ఇచ్చిన సొమ్ము తీసికొనుట నేరము కాదు. ఏ దయాశీలుడైన ప్రభుత్వము వాని కొఱకు ఈ యేర్పాటు చేసినదో, ఆ ప్రభుత్వము ఒక్క కలము పోటుతో నూఱు కుండలను పగులగొట్టినది. కుండలు పగిలిన పిమ్మట తానును నెలనెలా ఈయజాలకపోయినది. ఏడు మాసముల బకాయి ఒక్కమారు పండుగ దినమున వచ్చి పడినచో పత్రికలలో చిత్రములు వచ్చును, ముఖ్యమంత్రులకు దీవెనలు వచ్చును. ఆ ఏడు మాసములు పొయ్యి ఎట్లు వెలిగినదో అడుగువాడు లేడు.

తెలుగుదేశమున క్రైస్తవ సంఘ చరిత్ర తెలిసినవారికి ఈ సంగతి క్రొత్తది కాదు. 1876 మొదలు 1878 వఱకు నడచిన దారుణ క్షామములో ఒంగోలునందుండిన అమెరికను బాప్తిస్టు దొర జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళ గుత్త పుచ్చుకొని వేలకొలది బీదలకు కూలి కల్పించెను. కాలువ గట్టునందు తెలుగు బోధకులు కూలీలతో కలిసి తిరిగి మాటలాడిరి. బాప్తిస్మ మిమ్మని జనులు వచ్చుచుండిరి. క్షామ సహాయము జరుగుచున్నంతకాలము దొర బాప్తిస్మములను నిలిపివైచెను. కూటికొఱకు మతము పుచ్చుకొనిరన్న మాట పడనీయరాదని వాని పట్టుదల. సహాయము ముగిసిన పిమ్మటనే 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఇచ్చినవారు తెలుగు బోధకులే. అమెరికను మిషనుల విషయమున మాకు కల ఆక్షేపణలు అనేకములు. వానిని వేఱొకమారు వ్రాయుదుము. కడుపును ప్రార్థనను ఒకే లెక్క పుస్తకమునందు వ్రాయరాదను ఈ వివేకమైన ఆ దొరకుండెనని ఒప్పుకొనక తప్పదు. మన స్వదేశీ ప్రభుత్వములకు ఈ వివేకము లేకపోయినది.

దోర్నకలు సంగతి యింకను ముఖ్యమైనది. వేదనాయకము సామ్యుయేలు అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకొని, నిజాము రాజ్యములోని రైలు కూడలియైన దోర్నకలునందు స్థిరపడెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికను సంఘపు తొలి భారతీయ బిషప్పుగ అభిషిక్తుడయ్యెను. అంతకు రెండేండ్ల ముందు, 1910లో, ఎడింబరోలో కూడిన ప్రపంచ మిషనరీల మహాసభలో దొరల యెదుట నిలువబడి, మీరు మాకు దానములు చేసితిరి, ప్రాణము లర్పించితిరి, మాకు కావలసినది మీ స్నేహమని నిర్మొగమాటముగ చెప్పిన ధీరుడాయన. ఆ మాట సభలోని కొందఱికి కటువుగ తోచెనట. తోపక యెట్లుండును? పెట్టువాడు పైనను పుచ్చుకొనువాడు క్రిందను ఉండుట అలవాటైనవారికి సమానత్వము కటువుగనే యుండును.

ఆ యజరయ్య దోర్నకలు పల్లెలలో బోధించినదేమి? సంఘము తన కాపరిని తానే పోషింపవలెనని. పిడికెడు బియ్యము, పంటలో తొలి ఫలము, కోడి, గ్రుడ్డు, కోతల పండుగ నాటి ధాన్యపు మూట, ఎవరికి కలిగినది వారు తేవలెను. బీదవారు ఈయలేరను మాట ఆయన అంగీకరింపలేదు. ఈ విషయముపై ఒక గ్రంథమే వ్రాసెను. బీదవానిని పుచ్చుకొనువానిగ మాత్రమే చూచుట వాని మనుష్యత్వమును తక్కువ చేయుటయని ఆయన భావము. ఆయన నిర్మింపించిన దోర్నకలు దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. దాని రూపమున మన గుడుల పోకడయు, మసీదుల పోకడయు కనబడును. మందిరము మన దేశపు మట్టినుండి లేవవలెనని కోరినవాడు మందిరమునందలి కాపరియు మన యింటి బియ్యముతో బ్రదుకవలెనని కోరుటలో ఆశ్చర్యమేమి?

నాటి పల్లెలలో ఉపాధ్యాయుడే కాపరి. పగలు పిల్లలకు అక్షరములు చెప్పును. సాయంకాలము పొలమునుండి జనులు తిరిగివచ్చిన పిమ్మట గంట కొట్టి ప్రార్థనకు పిలుచును. చదువురానివారికి ప్రార్థనలు కంఠపాఠము చేయించును. ఆ గంట ధ్వని తెలుగుదేశపు వెలివాడలలో, నీవును ఒక మనిషివే, నీ పేరు పిలుచువాడొకడు కలడని చెప్పిన తొలి ధ్వనులలో నొకటి. అస్పృశ్యతా నివారణమును గూర్చి పట్టణములలో మేము తీర్మానములు చేయుచుండిన కాలమునకే అచ్చట పని జరుగుచుండెను. జాతీయవాదులమగు మేము ఈ మాట చెప్పుటకు సిగ్గుపడము, చెప్పకుండుటయే సిగ్గు.

ప్రభుత్వము వేతనమిచ్చిన కాపరులు పూర్వమును మన దేశమున లేకపోలేదు. కుంపిణీ కాలమునుండి సైనికులకును ఐరోపా యుద్యోగులకును ఆరాధనలు నడపు చాప్లెయినులు భారతదేశపు ఖజానానుండి జీతములు తినుచుండిరి. 1927 నాటి చట్టము ననుసరించి 1930లో భారత చర్చి ఇంగ్లాండు చర్చినుండి వేఱుపడిన పిమ్మటను ఈ వ్యయము ఆగలేదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టమును వ్రాసినవారు దేశరక్షణము, విదేశ వ్యవహారములతో పాటు మత వ్యవహారమును సైతము గవర్నరు జనరలు చేతిలో అట్టిపెట్టి, దానికి ఏటేట 42 లక్షల రూపాయలకు మించకుండ, శాసనసభ యోటునకు లోబడకుండ వ్యయము చేయుట కేర్పాటు చేసిరి. ఈ దేశపు రైతు కట్టిన శిస్తుతో దొరల పాదిరీలకు జీతమేమని మన పెద్దలు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ న్యాయమైనది. ఆ చాప్లెయిను సర్కారు మనిషి; వాని ప్రార్థన సర్కారు క్షేమము కొఱకు. కూలివాని గుడిసెలో వానికి పని లేదు. స్వాతంత్ర్యముతో ఆ శాఖ అంతరించినది. 42 లక్షలను కాదన్న జాతి నేడు 5,000లను ఔనన్నచో, దొర సర్కారు పోయి మన సర్కారు వచ్చినది గాని, సర్కారు పాస్టరు మాత్రము పోలేదన్న మాట.

రాజ్యాంగము 27వ అధికరణమును కొందఱు న్యాయవాద మిత్రులు ముందునకు తెచ్చుచున్నారు. ఒక మతాభివృద్ధికై ప్రత్యేకింపబడిన పన్ను కట్టుమని యెవరిని నిర్బంధింపరాదని ఆ యధికరణము చెప్పుచున్నది. దానిపై ఇరుప్రక్కల వాదింపవచ్చును. ఫీజు దొరకినచో మేమును వాదింపగలము. మా యాక్షేపణ ఆ మాటపై ఆధారపడియుండలేదు. చట్టము సమ్మతించిన దానములలో సైతము పుచ్చుకొనువానిని చెఱచునవి కలవు.

చట్టపు మాట వచ్చినది గనుక మఱియొక సంగతి చెప్పక తప్పదు. ఈ భత్యము పొందవలెనన్నచో పాస్టరు దరఖాస్తు పెట్టవలెను, సంఘపు పత్రములు చూపవలెను, ప్రభుత్వపు జాబితా కెక్కవలెను. ఈ పాస్టర్లలో అధికసంఖ్యాకులు ఏ జనులు? మాల మాదిగ కులముల బిడ్డలు. 1950 ఆగస్టు 10వ తేదీ నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు మూడవ పేరా వీరిని గూర్చి యేమి చెప్పుచున్నది? హిందూ మతము నవలంబింపనివాడు షెడ్యూల్డు కులమువాడు కాడని చెప్పినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకొని తలుపు మూసినది. క్రైస్తవుడైన మాదిగ మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున చేరి నూటికొక్క వంతు ప్రత్యేకింపుతో తృప్తిపడవలెను. ఊరు మాత్రము వానిని వెనుకటి పేరుతోనే పిలుచును, వెనుకటి చోటనే కూర్చుండబెట్టును.

2025లో ఆంధ్రప్రదేశ ఉన్నత న్యాయస్థానము ముందు ఒక వ్యవహారము వచ్చినది. ప్రార్థనలు జరుపు ఒక పాస్టరు, తనను కులము పేర దూషించి కొట్టిరని అత్యాచారముల నిరోధక చట్టము క్రింద ఫిర్యాదు చేసెను. పాస్టరైనవాడు ఆ చట్టపు రక్షణ కోరజాలడని, చేతనున్న కుల ధ్రువపత్రము రద్దు కాకపోయినను దానితో లాభము లేదని న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఉన్న చట్టము ననుసరించి న్యాయమూర్తి తీర్పు చెప్పెను. మేము తీర్పును గాక చట్టమునే నిందించుచున్నాము. పరిస్థితి యెట్లున్నదో పాఠకులు గమనింపవలెను. సర్కారు ఒకచేత పాస్టరుకు నెలకు 5,000 రూపాయలిచ్చి వాని పేరు పాస్టర్ల జాబితాలో వ్రాయుచున్నది. ఆ పాస్టరుతనమే సాక్ష్యముగ, వానిని కొట్టినవాడు ఆ చట్టపు నేరమునుండి తప్పించుకొనుచున్నాడు. ఇంతకన్న చవుకగ రక్షణ నెవ్వరైన అమ్ముకొనిరా?

రంగనాథ మిశ్ర సంఘము 2007లో ఆ మూడవ పేరాను తొలగింపుమని సిఫారసు చేసినది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హోదా ఈయవలెనని తీర్మానించి కేంద్రమునకు పంపినది. అంతకు ముందే, 2022 అక్టోబరులో, కేంద్రము ఈ ప్రశ్నపైననే బాలకృష్ణను అధ్యక్షతను మఱియొక సంఘమును నియమించినది. సంఘములు నియమింపబడుచున్నవి, గడువులు పెరుగుచున్నవి. న్యాయము చేయుటకు ధైర్యము లేనిచోట భత్యము పుట్టును. తెలంగాణమునందు 2014 పిమ్మట ప్రభుత్వపు క్రిస్మసు విందులును, బట్టల పంపిణీయు సాగినవి. విందులు తినినవారు మూడవ పేరాను గూర్చి అడిగిరో లేదో మే మెఱుగము గాని, పెట్టినవారు చెప్పలేదని యెఱుగుదుము.

అర్చకుల సంగతి యేమని మమ్మడుగుదురు. అడుగవలసినదే. దేవాలయముల భూములును రాబడియు దేవాదాయ శాఖ యేలుబడిలో నున్నవి. 1987 నాటి చట్టముతో అర్చకుల వంశపారంపర్య హక్కులు పోయినవి. దేవుని సొమ్ము తన చేతిలో నుంచుకొన్న ప్రభుత్వము దానినుండి అర్చకునకు జీతమిచ్చుటకు బద్ధమైయున్నది. అది దానము కాదు, బాకీ. ఆ సొమ్ము చాలని చోట సామాన్య ఖజానానుండి యిచ్చుచున్నచో అచ్చటను మా మాట యిదియే. ధూప దీపములకు ఊరు నూనె పోయవలెను. ఇమామునకు మసీదు జనులు పెట్టవలెను. ఒకరికొక న్యాయము, వేఱొకరికొక న్యాయము మా పత్రికలో లేదు.

ఇక పాస్టరు ఏమి తినవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పనివాని తక్కిన వాదమంతయు వ్యర్థము. లెక్క వేసి చూతము. ఒక పిడికిలి యేబది గ్రాములనుకొందము. నూఱిండ్ల సంఘమున ఇంటికి దినమునకొక పిడికిలి చొప్పున దినమునకు 5 కిలోలు, నెలకు 150 కిలోలు. కిలో 40 రూపాయల ధర కట్టినను 6,000 రూపాయలు. (చౌకదుకాణపు బియ్యము తినవచ్చును గాని అమ్మరాదని మా వృత్తి మమ్ము హెచ్చరించుచున్నది, కావున అమ్మకమునకు వేఱు బియ్యము చూచుకొనవలెను.) సర్కారు పెట్టునది 5,000. నిరుపేదలైన కూలి స్త్రీల పిడికిళ్ళు సర్కారు ఖజానాకన్న వేయి రూపాయలు పెద్దవి! పైగా ఈ పిడికిళ్ళకు ఏడు మాసముల బకాయి యుండదు. దీనిని చదివిన ఆర్థిక శాఖవారు మా లెక్క తప్పని నిరూపించినచో సంతోషింతుము.

నూఱిండ్లు లేని సంఘములు అనేకములు కలవు. ఇరువది యిండ్ల చోటులున్నవి. అచ్చట పిడికెడు బియ్యము చాలదు. అందులకే పట్టణ సంఘములను అడుగుచున్నాము. ఉజ్జీవ సభల పేర లక్షలు పోసి పందిళ్ళు, దీపతోరణములు, ఊరంతయు చెవులు మూసికొనునంతటి ధ్వనివర్ధకములు పెట్టుచున్నారే! పట్టణ మందిరమునకు చలువరాళ్ళు పఱచుటకు చందాలు వచ్చుచున్నవే! పది మైళ్ళ దూరమున పల్లె పాస్టరు అప్పు చేసి బిడ్డను చదివించుకొనుచున్నాడని ఆ చందాల పుస్తకమున ఎచ్చటనైన వ్రాసియున్నదా? 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికనులును, మెథడిస్టులును, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘములవారును భేదములు మఱచి చెన్నపట్టణమున దక్షిణ భారత సంఘముగ ఏకమైరి. దేశము చీలిపోయిన నలుబదిమూడు దినములకు ఆ సంఘములు కలిసినవని మేము గర్వపడుదుము. కలిసిన సంఘమున ధనిక మందిరము బీద మందిరము భారమును మోయకున్నచో ఆ యైక్యత దస్తావేజులకే పరిమితము.

దస్తావేజుల మాట తలచినప్పుడు న్యాయస్థానపు వరండా కన్నులకు కట్టుచున్నది. మిషనులు విడిచిపోయిన బంగళాలు, పాఠశాలలు, పట్టణ నడిబొడ్డున పెరిగిన స్థలముల విలువ, వీనిపై సంఘపు పెద్దల నడుమ దావాలు. తెల్లని అంగీలు ధరించిన గురువులు పదిగంటలకు వచ్చి వాయిదా పడువఱకు బల్లపై కూర్చుండియుండుట మేము చూచుచున్నాము. ఆ దినమున వారి సంఘములో జబ్బుపడినవారు ఎవరిని పిలిచిరో! మా వృత్తివారికి దీనివలన లాభమే గనుక మేము అధికముగ వ్రాయుట బాగుండదు.

క్రైస్తవ సోదరులారా, మీ చరిత్రలో వదలుకొనుటకు వెఱవని ఘట్టములు కలవు. ప్రత్యేక నియోజకవర్గములు క్రైస్తవులకు వలదని అజరయ్య బిషప్పు వాదించెను. మతమును వోట్ల సంఖ్యగ మార్చుట ఆయనకు సహింపలేదు. రాజ్యాంగ నిర్మాణ సభలో అల్పసంఖ్యాకుల యుపసంఘమునకు అధ్యక్షుడు హరేంద్రకుమార ముఖర్జీ, ఆయన క్రైస్తవుడు. 1949లో శాసనసభా స్థానముల ప్రత్యేకింపును మతపరమైన అల్పసంఖ్యాకులకు తొలగించినప్పుడు మీ పెద్దలు దానికి సమ్మతించి నిలిచిరి. శాసనసభా స్థానములనే వదలుకొన్న సమాజము నెలకు 5,000 రూపాయలను వదలుకొనలేదా? స్థానములను వదలిన ఫలితము మీకు దక్కలేదు, మూడవ పేరా మిగిలినదని మీరనవచ్చును. నిజము. ఆ పేరాను తీసివేయించుటకు మీరు నడుము కట్టినచో ఈ పత్రిక మీ వెంట నడచును. కాని భత్యమునకై చాచిన చేతితో హక్కునకై పిడికిలి యెత్తుట కష్టము. ఏ మంత్రి వేదికపై నిలిచి మీ భత్యము విడుదలైనదని ప్రకటించునో, ఆ మంత్రినే అదే వేదికపై మీ పాస్టరు ప్రశ్నింపగలడా? ప్రార్థన చేసి దీవించి దిగివచ్చును. ఎన్నికల దినములలో ఆ దీవెనకు ధర కట్టుచున్నారని తెలియనివారెవరు?

మేము కోరునవి స్పష్టముగ చెప్పుచున్నాము. ప్రభుత్వము ఈ భత్యమును పండుగల పేరను, ఎన్నికల పేరను పొడిగించుట మానవలెను. అయితే ఒక్కమారుగ ఆపి ఎనిమిది వేల కుటుంబములను వీథిపాలు చేయుట క్రూరము. ఇంతవఱకు పడిన బకాయి యంతయు చెల్లించి, సంఘములు కుండలు మరల నిలుపుకొనుటకు ఒక సంవత్సరము గడువీయవలెను. పాస్టరైనను, కూలియైనను, వృద్ధులై రోగులైనవారికి అందఱికిని వర్తించు పింఛనులు ఎటులను ఉన్నవి. అవి పాస్టరుగ గాక పౌరుడుగ వాడు పొందవచ్చును. అందు తలవంపు లేదు. 1950 నాటి యుత్తరువులోని మూడవ పేరాను పార్లమెంటు తీసివేయవలెను. దానికి మన రాష్ట్రపు సభ్యులు, ఏ పక్షమువారైనను, తమ శాసనసభ 2023లో చేసిన తీర్మానమునకు బద్ధులై ఢిల్లీలో మాటలాడవలెను. పట్టణ సంఘములు తమ రాబడిలో దశమ భాగమునైన పల్లె కాపరుల పోషణకు ప్రత్యేకింపవలెను.

మేము చెప్పిన పాస్టరుగారు ఈ భత్యమును తానుగ వదలుకొనవలెనని మేము అడుగలేదు. ఆయన బిడ్డ చదువు ఇంకను పూర్తి కాలేదు. ఈసారి కోతల పండుగకు ఆ వాడకు వచ్చెదమని మాత్రము చెప్పితిమి. "రండి. ఆ ముసలమ్మ కోడలు ఒక్కతే ఇంకా కుండ దించలేదు. వద్దమ్మా అన్నా వినదు," అని యాయన చెప్పి పోయెను. పండుగనాటికి ఏ డయాసిసుగాని, ఏ సినడుగాని, ఏ పల్లె సంఘముగాని తమ కాపరిని తామే పోషింతుమని తీర్మానము చేసి మాకు పంపినచో, ఆ తీర్మానమును ఈ పుటలోనే, ఈ చోటనే ప్రకటింతుము.